ఏ షిఫ్టు వేసినా సై!

మా గోదావరిఖనిలో మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు - ఏది వేసినా నోరెత్తకుండా బాయి దిగే మనిషంటే అందరికీ గౌరవం. అందుకే కాబోలు, హైదరాబాదు క్రికెటర్లలో సయ్యద్ అబిద్ అలీ అంటే నాకు ఓ పాలు అభిమానం ఎక్కువ.

పటౌడీ, జయసింహ హీరోలు. కాలరెత్తి నడిచొస్తుంటే గ్యాలరీ ఊగిపోయేది. అబిద్ అలీ మాత్రం మన గుమ్మడిలా క్యారెక్టర్ నటుడు! కొత్త బంతి వెయ్యమంటే వేశాడు, ఓపెనర్‌గా దిగమంటే దిగాడు, బ్యాట్ పక్కనే నిలబడి క్యాచ్‌లు పట్టమంటే పట్టాడు. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో తొలి టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లోనే 55 పరుగులకు 6 వికెట్లు! ఆ సిరీస్‌లోనే సిడ్నీలో 78, 81 కొట్టాడు. 1971 ఆగస్టు 24న ఓవల్‌లో, ఇంగ్లండు గడ్డ మీద మనకు తొలి టెస్టు విజయాన్నిచ్చిన ఆఖరి ఫోరు ఆయనదే. మొత్తం 29 టెస్టులు, 1018 పరుగులు, 47 వికెట్లు.

ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే. నాకు నచ్చేది ఇంటర్వెల్ తర్వాతి భాగం.

1980లో కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు. 1990ల మొదట్లో గుండెకు బైపాస్ ఆపరేషన్. ఇంకొకరైతే పడక కుర్చీలో సెటిలయ్యేవారు. ఈయన కోచ్ వేషం కట్టాడు. అదీ ఎక్కడ? మాల్దీవుల్లో! క్రికెట్ పటంలో ఆ దేశాన్ని భూతద్దం పెట్టి వెతకాల్సిందే. తర్వాత 2001-02 రంజీలో ఆంధ్ర జట్టు. హైదరాబాదు ఆటగాడు పక్కింటి జట్టుకు గురువన్న మాట! ఆ ఏడు సౌత్ జోన్ లీగులో ఆంధ్రే ఫస్టు. 2002 నుంచి 2005 దాకా యు.ఏ.ఇ. జట్టు. స్టాన్‌ఫర్డ్ అకాడమీలో కుర్రాళ్ళకూ నేర్పాడు.

ఇండియా కోచ్ కుర్చీ ఆయనకు దక్కలేదు. దక్కి ఉంటే బాగుండేదని మీరనొచ్చు. నా లెక్క వేరు. పెద్ద జట్టులో ఒక్కో పనికి ఒక్కో నిపుణుడుంటాడు. చిన్న జట్టులో బౌలరే పరుగులూ తియ్యాలి, బ్యాట్స్‌మనే నాలుగు ఓవర్లూ వెయ్యాలి. అన్ని పనులూ స్వయంగా చేసినవాడు చెబితే ఆ కుర్రాళ్ళకు ఎక్కినట్టు, స్టారు చెబితే ఎక్కుతుందా?

2025 మార్చి 12న కాలిఫోర్నియాలో కన్నుమూశాడు. వయసు 83. నేను చూసిన పేపర్లన్నీ ఓవల్ ఫోరునే తలుచుకున్నాయి. మాల్దీవుల ముచ్చటకు ఒక్క లైను.