రెండో సీటు మాట

2024 ఆగస్టు 20న జంషెడ్‌పూర్‌లోని మా సోనారి ఎయిర్‌డ్రోమ్ నుంచి లేచిన సెస్నా 152 శిక్షణ విమానం చాండిల్ డ్యాం నీళ్లలో కూలింది. అందులో ఉన్నది ఇద్దరే, నేర్పేవారొకరు, నేర్చుకునేవారొకరు. ఇద్దరూ పోయారు. నీళ్లు గాలించడానికి విశాఖపట్నం నుంచి నేవీ బృందం వచ్చింది. గాలింపు ముగియకముందే బిష్టుపూర్ టీ కొట్టు దగ్గర తీర్పు వచ్చేసింది: ‘పైలట్‌దే తప్పు’.

జంషెడ్‌పూర్‌లో ఉక్కు పనిలో, అందులోనూ సేఫ్టీ డ్యూటీలో, జుట్టు నెరిసినవాణ్ని. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మనిషన్నాక తప్పు చేస్తాడు. ఎందుకు చేశాడు, పక్కనున్నవాడు ఎందుకు ఆపలేకపోయాడు అన్న దగ్గరే అసలు విచారణ మొదలవుతుంది.

2009 సెప్టెంబరు 2 తెలుగువాళ్లెవరూ మరచిపోయే రోజు కాదు. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్, బెల్ 430, నల్లమలలో కూలింది. మేఘాల్లో బలమైన గాలి కిందికి నెట్టెయ్యడంతో అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది. ఆ నివేదికలోనే ఇంకో సంగతి ఉంది. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ మీద అనుమానం వచ్చి, ఏం చెయ్యాలో మాన్యువల్లో వెతకడానికే పైలట్లు ఆరు నిమిషాలకు పైగా వెచ్చించారట. వాతావరణం అలా ఉన్నప్పుడు ఆరు నిమిషాలంటే చాలా ఎక్కువ.

ఇలాంటిదే 1972 డిసెంబరులో అమెరికాలో జరిగింది. ఈస్టర్న్ 401 విమానం మయామీలో దిగబోతుండగా ముందు చక్రం దిగిందని చూపే చిన్న బల్బు వెలగలేదు. కాక్‌పిట్‌లో అందరి కళ్లూ ఆ బల్బు మీదే. ఎత్తును నిలిపి ఉంచే ఆటోపైలట్ పట్టు తప్పింది, ఎవరూ గమనించలేదు. విమానం చిత్తడి నేలలో పడి 101 మంది చనిపోయారు. చక్రం నిజానికి సరిగానే దిగి ఉంది! అందుకే ఇప్పుడు ఏదైనా తేడా వస్తే ఒకరు విమానం సంగతే చూడాలి, రెండోవారు లోపం సంగతి చూడాలి అని నేర్పుతారు.

చూసినవాడికి నోరు లేవడం మరో ఎత్తు. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది, 158 మంది పోయారు. కాక్‌పిట్ రికార్డర్‌లో మొదటి గంటా నలభై నిమిషాలు మాటల్లేవు, మధ్యమధ్య గురక వినిపించింది. నిద్రమత్తు వదలని కెప్టెన్ దిగడానికే మొగ్గుచూపారు. మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ మూడుసార్లు అన్నారు, కానీ కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకోలేదు. పెద్దవారి చేతిలోంచి లాక్కోవడం మనవాళ్లకి అంత తేలికా? ‘సార్’ అనే అలవాటు గొంతుకి అడ్డం పడుతుంది.

1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మొదలుపెట్టిన శిక్షణ ఈ అడ్డు తొలగించడానికే. కింది ఉద్యోగి గట్టిగా చెప్పడం, పైవాడు వినడం, రెండూ అందులో సాధన చేయిస్తారు. నన్నడిగితే రెండోదే కష్టం.

వినడం ఎంత ముఖ్యమో కర్మాగారంలోనూ చూశాను. మా షాపులో క్రేన్ హుక్కు ఎవరి తలకైనా జానెడు దూరంలో ఊగిపోతే, దెబ్బ తగలకపోయినా రాయించేవాళ్లం. దాన్ని నియర్ మిస్ అంటాం. రాసినవాడికి చీవాట్లు పడితే మర్నాటినుంచి ఒక్క కాగితం రాదు. విమానయానంలో అమెరికా 1976 నుంచే పేరు బయటపెట్టకుండా ఇలాంటివి రాసి పంపే ఏర్పాటు నడుపుతోంది.

మీ పిల్లల్ని పైలట్ కోర్సులో చేర్పిస్తుంటే ఫీజు, విమానాల సంఖ్య ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు ఇదీ అడగండి: ‘ఇన్‌స్ట్రక్టర్ పొరపాటును స్టూడెంట్ ఎత్తిచూపితే మీ దగ్గర ఏం జరుగుతుంది?’ జవాబు తడబడితే ఫీజు కట్టకండి.