పరవూరి పండుగ రాత్రి, క్రొత్త స్నేహితులు

జీవనోపాధికై గాని, విద్యకై గాని, లోకము చూడవలెనను కుతూహలముతో గాని యువకులు స్వస్థలము విడిచి దూరప్రాంతములకు పోవుట నేడు సర్వసాధారణము. పోయినచోట తోడి పనివారితోను, ఒకే బసలో నుండువారితోను కొలది దినములలోనే స్నేహము కుదురును. వారు తమ ఊరి పండుగ చూడ రమ్మని పిలిచినప్పుడు పోవుట మర్యాద. పోవుటయందు ఆనందమును కలదు. అయితే క్రొత్త స్నేహితుడు మీ పేరు నెరుగును గాని మీ శరీరస్థితి నెరుగడు. మీకు ఉబ్బసము కలదో, మధుమేహము కలదో, ఏ మందు పడదో అతనికి తెలియదు. ఇంటివద్ద ఈ సంగతులు తల్లికి తెలియును, ఇరుగుపొరుగులకు తెలియును. పరస్థలమున ఆ యెరుక లేకపోవుటయే అనేక అపాయములకు మూలము.

కతర్‌గామ్‌లో గర్బా

గుజరాతు రాష్ట్రమున తాపీనది యొడ్డుననున్న సూరతు నగరములో కతర్‌గామ్ ఒక భాగము. వజ్రములకు సానపట్టు కార్ఖానలకు ఈ పేట ప్రసిద్ధము. సౌరాష్ట్రమునుండి వచ్చిన కుటుంబము లనేకము ఇచ్చట స్థిరపడినవి. సూరతు మరమగ్గములను నమ్ముకొని తెలంగాణమునుండి వచ్చిన నేతపనివారును ఈ నగరమున కలరు.

ఆశ్వయుజమాసమున నవరాత్రులు రాగానే వీధులలోను, మైదానములలోను గర్బా ఆరంభమగును. రంధ్రములుగల మట్టికుండలో దీపముంచి, దానిచుట్టునో దేవీప్రతిమచుట్టునో వలయముగా తిరుగుచు పాడుచు ఆడుదురు. బతుకమ్మ చుట్టు తిరిగి పాడుట యెరిగిన తెలుగువారికి ఈ వలయము క్రొత్తది కాదు. 2023లో యునెస్కో దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. అయితే నేటి పెద్ద మైదానములలో వేలకొలది జనము, పెద్ద లౌడుస్పీకర్లు, గంటలతరబడి నాట్యము ఉండును. పగలెల్ల పనిచేసి అలసిన దేహము దీనికి సిద్ధపడి పోవలెను.

బయలుదేరుటకు ముందు

ఒక చిన్న కాగితముపై మీ పేరు, బస చిరునామా, ఇంటివారి ఫోను నంబరు, రక్తవర్గము, మీకుగల వ్యాధి, వాడు మందులు, పడని మందులు వ్రాసి చొక్కా జేబులో నుంచుకొనవలెను. బస చిరునామాను గుజరాతీలో స్నేహితునిచేత వ్రాయించుకొనుట మేలు. సెల్‌ఫోను ఒక్కదానిని నమ్మరాదు. గుంపులో అది పోవచ్చును, మ్రోత వినబడకపోవచ్చును.

మీకుగల వ్యాధిని స్నేహితులలో ఒక్కనికైనను నోటితో చెప్పవలెను. ఇందు సిగ్గుపడ నక్కరలేదు. తప్పిపోయినచో ఏ ద్వారమువద్ద కలిసికొనవలెనో వెలుగుండగానే చూచి నిర్ణయించుకొనవలెను. భాష రానివారు రెండు మాటలైనను నేర్చుకొనవలెను. గుజరాతీలో ‘మనే చక్కర్ ఆవే ఛే’ అనగా నాకు తల తిరుగుచున్నది. ‘ఛాతీమాఁ దుఖే ఛే’ అనగా రొమ్ములో నొప్పిగా నున్నది. ఈ రెండు మాటలు ప్రాణము కాపాడవచ్చును.

నీరు, ఆహారము

సూరతు సముద్రమునకు సమీపముననున్నది. వానకాలము ముగిసిన పిదప కూడ గాలిలో తేమ యెక్కువ. తేమగాలిలో చెమట ఆరదు. చెమట ఆరనిచో దేహము చల్లబడదు. కావున దాహము వేయువరకు ఆగక, ఆట నడుమ విరామములందు కొంచెము కొంచెముగా నీరు త్రాగుచుండవలెను. చెమట అధికముగా పట్టినవారు ఓ.ఆర్.ఎస్. ద్రావణము త్రాగవచ్చును. పొట్లము దొరకనిచో లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చదును టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలుపవలెను. ఉప్పు ఇంతకు మించరాదు.

నవరాత్రులలో ఉపవాసముండు ఆచారము కలదు. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించు మాత్రలు గాని వాడువారు స్నేహితులతోపాటు పస్తుండి నాట్యము చేసినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. వారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను. జేబులో చక్కెర ఉంచుకొనవలెను.

గుజరాతులో మద్యనిషేధము అమలులోనున్నది. చాటుగా అమ్ము సారాయిలో మిథనాల్ అను విషముండవచ్చును. అది చూపును, ప్రాణమును హరించును. 2022 జూలైలో బోటాద్ ప్రాంతమున అట్టి సారా త్రాగి 40 మందికి పైగా మరణించిరి. ఎంతటి స్నేహితు డిచ్చినను దీనిని నిరాకరించవలెను.

చెవుల రక్షణ

శబ్దతీవ్రత 85 డెసిబెల్లులున్నచో ఎనిమిది గంటలు వినుట పరిమితి. మూడు డెసిబెల్లులు పెరిగిన కొలది ఈ కాలము సగమగును. 100 డెసిబెల్లులవద్ద పావుగంటయే మిగులును. ఉత్సవస్థలములలో పావుగంట సగటు శబ్దము 100 డెసిబెల్లులు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో సూచించినది. లౌడుస్పీకర్లకు దూరముగా నిలువవలెను. నడుమ నడుమ వెలుపలికి వచ్చి చెవులకు విశ్రాంతి నీయవలెను. చెవులలో హోరు పుట్టుట హెచ్చరిక. లోపలిచెవిలో నశించిన కణములు మరల పుట్టవు.

గుంపు, గుండె

గుంపు దట్టమై మీ అడుగులు మీ వశము తప్పకముందే అంచునకు చేరవలెను. చిక్కుకొన్నచో చేతులను రొమ్మునకు ముందు మడిచి ఊపిరికి చోటు చేసికొనుచు, ప్రవాహమున కెదురు పోక ఏటవాలుగా ప్రక్కకు జరుగవలెను. పడిపోయిన వస్తువునకై వంగరాదు.

2023 నవరాత్రులలో గుజరాతున గర్బా ఆడుచు కుప్పకూలి కొందరు మరణించిరని వార్తలు వెలువడినవి. వారిలో యువకులును ఉండిరి. రొమ్మునొప్పి, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి, ఊపిరాడకపోవుట, చల్లని చెమట కనబడినచో ఆట వెంటనే ఆపి 108కి ఫోను చేయవలెను. హైదరాబాదులో 2005లో ఆరంభమైన ఈ అంబులెన్సు సేవ 2007లో గుజరాతుకును వచ్చినది.

పడిపోయిన మనిషి పలుకక, సరిగా శ్వాసింపక యున్నచో ఒకరు ఫోను చేయుచుండగా మరియొకరు రొమ్ము నడుమ రెండు చేతులు ఒకదానిపై నొకటి ఉంచి, నిమిషమునకు 100 నుండి 120 పర్యాయములు, అయిదారు సెంటీమీటర్ల లోతునకు బలముగా అదుమవలెను. ప్రతి అదుముకు పిదప రొమ్మును పూర్తిగా లేవనీయవలెను. అంబులెన్సు వచ్చువరకు ఆపరాదు.

పండుగ ముగిసిన పిదప

1994 సెప్టెంబరులో ప్లేగు భయము సూరతును ఖాళీ చేయించినది. కతర్‌గామ్‌ను ఆనుకొనియున్న వేడ్ రోడ్డు ప్రాంతముననే రోగులు మొదట కనబడిరి. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు పారిశుధ్యమును ప్రతిదిన కర్తవ్యముగా చేసి నగరముయొక్క రూపమును మార్చెను. అట్టి నగరమున ఎంగిలి ఆకులను, నీటి సీసాలను మైదానమున విడిచి వచ్చుట అతిథికి తగదు. నీరు నిలిచిన ప్రతి పాత్రయు దోమకు పుట్టినిల్లు.

బసకు తిరిగి వచ్చుటకు ముందు వెంట వచ్చినవారందరిని లెక్కించుకొనవలెను. ఒక్కడు తక్కువైనను కదలరాదు. ఒకరి యారోగ్యము నొకరెరిగి, కలిసి పోయి, కలిసి తిరిగివచ్చినవారే నిజమైన స్నేహితులు.