తెర మీద తెల్లచుక్క

సెకండ్ హ్యాండ్ ప్రొజెక్టర్ ఆన్ చేయగానే కొనేవాళ్లంతా బొమ్మ ఎంత ధగధగలాడుతోందో చూస్తారు. నేను నలుపు చూస్తాను. కేబుల్ పీకేసి ఖాళీ నల్లతెర వదలమంటాను. ఆ నలుపులో సూదిమొనంత తెల్లచుక్క ఒకటి కదలకుండా, ఆరకుండా వెలుగుతూ కనిపిస్తే దాని చుట్టూనే బేరం నడవాలి.

మా డిప్లొమా క్లాసురూములోని ప్రొజెక్టర్‌కి అలాంటి చుక్కలు ఉన్నాయి. "సార్, దుమ్మయితే వెలుగుకి అడ్డంపడి నల్లగా కనపడాలి కదా, ఇది తెల్లగా ఎందుకుంది?" అని ఒక విద్యార్థిని అడిగింది. చక్కటి ప్రశ్న. దుమ్ము కాదన్న సంగతి ఆ అమ్మాయి ప్రశ్నలోనే పట్టేసింది. ఆ చుక్క ఒక అద్దం. ఒరిగిన చోటే ఇరుక్కుపోయి, మళ్లీ లేవలేకపోయిన అద్దం.

చిన్నప్పుడు అద్దం ముక్క పట్టుకుని ఎండని ఎదురింటి గోడ మీదికి కొట్టే ఉంటారు. మణికట్టు ఇటు తిప్పితే వెలుగు గోడ మీద, అటు తిప్పితే ఎటో పోతుంది. డీఎల్‌పీ అనే ఈ రకం ప్రొజెక్టర్ గుండెకాయలో జరిగేది సరిగ్గా అదే. ఎండకి బదులు ల్యాంపు, గోడకి బదులు లెన్సు, ఒక్క ముక్కకి బదులు లక్షల అద్దాలు. ఆఫీసులు, కోచింగ్ సెంటర్లు వదిలించుకోగా షాపులకు చేరే 1024 × 768 ప్రొజెక్టర్లలో 7,86,432 అద్దాలుంటాయి. ఫుల్ హెచ్‌డీ చిప్‌లో 20,73,600. ఒక్కో అద్దం ఒక్కో పిక్సెల్. ఆ 1024 రకం చిప్‌లలో విరివిగా వాడిన ఒకదానిలో అద్దం భుజం పొడవు 10.8 మైక్రాన్లు. అంటే 1024 అద్దాలు పక్కపక్కనే పేర్చినా వరస మొత్తం 11 మిల్లీమీటర్లే. అద్దం ఒకవైపు 12 డిగ్రీలు ఒరిగితే కాంతి లెన్సులోంచి తెరకు వెళుతుంది. రెండోవైపు 12 డిగ్రీలు ఒరిగితే లోపలి నల్లటి గోడకు తగిలి వేడిగా మారిపోతుంది.

ఈ అద్దాల చిప్‌ని తయారుచేసిన లారీ హార్న్‌బెక్ అప్పట్లో అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉద్యోగి. 1977లో పని మొదలుపెట్టినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఈ అద్దం కాదు. సిలికాన్ మీద లోహపు పూత ఉన్న పల్చటి పొర పరిచి, కింద వోల్టేజి ఇచ్చి, ఆ పొరని కావలసినంత వంచాలనుకున్నారు. కొంచెం వంగితే కొంచెం వెలుగు, ఎక్కువ వంగితే ఎక్కువ వెలుగు. కాగితం మీద బాగానే ఉంది. చిప్ మీద మాత్రం ఏ రెండు పిక్సెళ్లూ ఒకే వోల్టేజికి ఒకేలా వంగలేదు. పొర మందంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా చిత్రంలో మచ్చ పడుతుంది. ఈ దారిలో ఆయన దాదాపు పదేళ్లు నానా తంటాలు పడ్డారు.

1987లో ఆ దారి వదిలేశారు. నాకు ఈ యంత్రం మీద ఇంత మోజు కలగడానికి కారణం ఆ ఒక్క నిర్ణయమే. అద్దాన్ని సగం వంచడమన్న మాటే లేదు. ఇటు పూర్తిగా ఒరగాలి, లేదా అటు పూర్తిగా ఒరగాలి. ఎంత ఒరగాలో వోల్టేజి చెప్పదు, అద్దం కింద కట్టిన అడ్డు చెబుతుంది. ఆ అడ్డుకు ఆనే దాకా వాలి, అక్కడ ఆగుతుంది. దాంతో చిప్‌లోని అద్దాలన్నీ ఒకే కోణంలో నిలబడ్డాయి, అన్నేళ్ల తలనొప్పి తీరిపోయింది.

మరి బూడిదరంగు ఎలా వస్తుంది? తెలుపూ నలుపూ తప్ప మరేదీ చేతకాని అద్దం వెన్నెల రాత్రిని ఎలా చూపిస్తుంది? కాలంతో. అద్దం ఎంతసేపు తెరవైపు ఉందన్నదే వెలుగు మోతాదు. సెకనులో అరవయ్యో వంతు ఒక ఫ్రేము, అంటే 16.7 మిల్లీసెకన్లు. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం తలా మూడో వంతు పంచుకుంటే ఒక్కో రంగుకి 5.6 మిల్లీసెకన్లు దక్కుతాయి. ఆ వ్యవధిని 255 పాళ్లు చేసి 1, 2, 4, 8, 16, 32, 64, 128 పాళ్ల ముక్కలుగా విడగొడతారు. వెలుగు స్థాయి 100 కావాలనుకోండి. 64, 32, 4 పాళ్ల ముక్కల్లో అద్దం తెరవైపు ఉంటుంది, మిగతా ముక్కల్లో గోడవైపు. ఆ రెపరెపలు మన కన్నుకి అందవు. కన్ను మొత్తం కూడేసుకుని ఒకే బూడిదరంగుగా చూస్తుంది.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడండి. 5.6 మిల్లీసెకన్లలో 255వ వంతు దాదాపు 22 మైక్రోసెకన్లు. అద్దం ఒకవైపు నుంచి రెండోవైపు వాలి కుదురుకోవడానికి పట్టేది 15 మైక్రోసెకన్లు అటూ ఇటుగా. అతిచిన్న ముక్కలోకి అద్దం కదలిక అంత ఇరుకుగా పడుతుంది! ఇంకాస్త బరువైన అద్దమై ఉంటే ఈ పద్ధతిలో మనకి సినిమా ఉండేది కాదు.

అద్దం కింద ఉన్న ఏర్పాటు ఇంకా ముచ్చటైనది. ప్రతి అద్దానికీ అడుగున సొంత మెమరీ సెల్ ఒకటి ఉంటుంది. అందులో 1 ఉందా 0 ఉందా అన్నదాన్ని బట్టి రెండు ఎలక్ట్రోడ్లలో ఒకటి అద్దాన్ని స్థిర విద్యుత్తుతో లాగుతుంది. తొలినాళ్ల చిప్‌లలో ఈ లాగుడుకు 5 వోల్టులే. అద్దానికి విడిగా ఇచ్చే బయాస్ మాత్రం 24 వోల్టుల దాకా ఉండేది. ఒకసారి వాలిన అద్దాన్ని ఈ బయాస్ గట్టిగా పట్టి ఉంచుతుంది, కింద మెమరీ మారినా అద్దం కదలదు. కాబట్టి పాత చిత్రం తెర మీద ఉండగానే తర్వాతి చిత్రం సమాచారమంతా కింద నింపుకోవచ్చు. నిండాక బయాస్ తీసి ఒక పల్సు కొడతారు. లక్షల అద్దాలు ఒక్కసారిగా లేచి, కొత్త ఆజ్ఞ ప్రకారం వాలతాయి.

అద్దం తిరిగేది కీలు మీద. చాలా పల్చటి లోహపు పట్టీ మెలితిరుగుతుంది, అంతే. సెకనుకు వేలసార్లు మెలితిప్పితే విరగదా? ఇనుప తీగని పదిసార్లు వంచితేనే తెగుతుంది. అయితే ఇంత పల్చటి పొరలో పెద్ద లోహపు ముక్కల్లోలాగా పగుళ్లు పుట్టి పెరగలేవు. పరీక్షల్లో లక్ష కోట్ల మెలికలు దాటినా కీళ్లు నిలిచాయి. అసలు శత్రువులు వేరే ఇద్దరు. మొదటిది అతుక్కోవడం. ఇంత చిన్న ప్రపంచంలో అద్దం కొస అడ్డుకు తగిలిందంటే, తేమో అణువుల ఆకర్షణో దాన్ని పట్టేసుకుంటుంది. అందుకే తగిలే కొసలకు చిన్న స్ప్రింగులు కట్టారు, అంటుకోని పూత పూశారు, చిప్‌ని తేమ చొరకుండా గాజు కిటికీ కింద సీలు చేశారు. రెండోది కీలు ఒకవైపే అలవాటు పడిపోవడం. వేడిలో గంటల తరబడి ఒకేవైపు వాలి ఉంటే లోహం కొద్దికొద్దిగా ఆ వంపుకే స్థిరపడుతుంది. మంచి మిశ్రలోహంతో దాన్ని చాలావరకు అదుపు చేశారు.

చాలావరకే. ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుని, ఫ్యాను నీరసించి, వేసవి మధ్యాహ్నాలు మూసిన గదిలో నడిచిన ప్రొజెక్టర్లో చిప్ వేడెక్కుతుంది. ఏదో ఒకరోజు ఒక అద్దం మొండికేస్తుంది. తెరవైపు మొండికేస్తే తెల్లచుక్క, గోడవైపు మొండికేస్తే నల్లచుక్క. ఒకటి పడిన చిప్‌లో మరికొన్ని పడటం మామూలే. చుక్కలు నక్షత్రాల్లా పరుచుకున్నాయంటే ఆ చిప్ ఆయువు తీరవచ్చింది.

పాడైన ప్రొజెక్టర్ దొరికితే విప్పి చూడండి. చిప్ మీద అద్దాలు కంటికి ఆనవు. బూడిదరంగు నున్నటి పలక కనిపిస్తుంది, అంతే. దాన్ని ట్యూబ్‌లైటు కింద కొద్దిగా అటూ ఇటూ వంచితే రంగులు పారతాయి. విడివిడిగా కనపడని లక్షల అంచులు కలిసి కాంతిని విడగొడుతున్నాయన్నమాట. పక్కనే కలర్ వీల్ ఉంటుంది. చిన్న మోటారు చుట్టూ పల్చటి గాజు ముక్కలు అతికించి ఉంటాయి. వాటిలో ఎర్ర ముక్కలోంచి చూస్తే లోకం ఎర్రగా ఉంటుంది, అదే ముక్క మీద పడి తిరిగొచ్చే వెలుగు మాత్రం నీలిపచ్చగా ఉంటుంది. అది రంగుని పీల్చుకునే గాజు కాదు, అక్కర్లేనిదాన్ని వెనక్కి కొట్టే పూత.

ఈ చక్రమే డీఎల్‌పీ బలహీనత కూడా. చిప్ ఒక్కటే కాబట్టి మూడు రంగులూ వంతులవారీగా వస్తాయి. కన్ను చటుక్కున కదిలితే తెల్లటి అక్షరం అంచున ఎరుపూ పచ్చా నీలమూ విడిపోయి ఇంద్రధనుస్సు మెరుస్తుంది. కొందరికి అసలు తెలియదు, కొందరికి తలనొప్పి వస్తుంది. కొనే ముందు లెన్సు ఎదుట వేళ్లు చాచి వేగంగా ఆడించండి. వేళ్ల నీడలు రంగురంగులుగా విడిపోతాయి. అవి ఎంత దూరం విడిపోతే చక్రం అంత నెమ్మది. ఫ్రేముకి రెండు చుట్లు తిరిగే చక్రమంటే నిమిషానికి 7,200 చుట్లు. బేరింగు అరిగితే సన్నటి కీచు వినిపిస్తుంది. షాపు రొదలో అది వినపడదు కాబట్టి పెట్టెకి చెవి ఆనించి వినాలి.

ఎప్సన్ ఇంజినీర్లకు ఈ వంతుల పద్ధతి అక్కర్లేదు. 1989లోనే వాళ్లు మూడు ఎల్‌సీడీ పలకల ప్రొజెక్టర్ తెచ్చారు. అందులో తెల్ల కాంతిని అద్దాలు మూడు రంగులుగా చీలుస్తాయి, ఒక్కో రంగు ఒక్కో పలకలోంచి వెళుతుంది, చివరికి ఒక గాజు ఘనంలో మూడూ కలుస్తాయి. మూడు రంగులూ ఎప్పుడూ తెర మీదే ఉంటాయి కాబట్టి ఇంద్రధనుస్సు లేదు. అయితే కాంతి ఆ పలకల మీద పడి తిరిగి రాదు, వాటిని దాటుకుని పోవాలి. పలకల్లో ద్రవస్ఫటికాలను వరసలో నిలిపే సేంద్రియ పొర, ముందూ వెనకా ఉండే పోలరైజర్లు ఏళ్ల తరబడి ఆ వేడిలో మాడతాయి. ముందుగా దెబ్బతినేది నీలి దారి.

ఈ బలహీనతని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వదల్లేదు. 2000 దశకం తొలినాళ్లలో తన ఖర్చుతో రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పరీక్ష పెట్టించి, ఎల్‌సీడీ రంగులు ఎలా చెడతాయో లోకానికి చూపించింది. ఎల్‌సీడీ పక్షాన ఉన్న జపాన్ వాళ్లు సేంద్రియ పొర తీసి అసేంద్రియ పొర పెట్టారు, తర్వాత ఎదురుదెబ్బ కొట్టారు. చాలా డీఎల్‌పీ చక్రాల్లో రంగు లేని తెల్ల ముక్క ఒకటి ఉంటుంది. అది తెలుపుని పెంచుతుంది కానీ రంగుల్ని పెంచదు. డబ్బా మీద 3,000 ల్యూమెన్లని ఉన్నా ఎర్రచీర, పచ్చపొలం అంత వెలగవు. కాబట్టి రంగుల వెలుగుని విడిగా కొలవాలని ఎప్సన్ వాదించింది. 2012లో ఆ కొలత అంతర్జాతీయ ప్రమాణాల్లోకి ఎక్కింది. రెండు పక్షాల మాటా నిజమే. ఈ పోట్లాట వల్ల ఏ యంత్రం ఎక్కడ ముసలిదవుతుందో మనకి బయటి నుంచే తెలిసింది.

తర్వాతి చరిత్ర గబగబా చెప్పేస్తాను. అద్దాల చిప్ మొదట అమ్ముడైంది సినిమాకి కాదు, విమానం టిక్కెట్లు అచ్చేసే యంత్రంలో. 1996లో ప్రొజెక్టర్లు వచ్చాయి. 1999లో అమెరికాలో స్టార్ వార్స్ కొత్త భాగాన్ని కొన్ని థియేటర్లలో ఫిల్ము లేకుండా వేశారు, వాటిలో కొన్నింట్లో ఈ అద్దాలే ఉన్నాయి. 2015లో హార్న్‌బెక్ ఆస్కార్ అందుకున్నారు. ఆ తర్వాత ల్యాంపు స్థానంలోకి ఎల్‌ఈడీ, లేజర్ వచ్చి పడ్డాయి.

తక్కువ డబ్బుకి దొరికే పాతవాటిలో మాత్రం ఇంకా ల్యాంపే. 1995లో ఫిలిప్స్ తెచ్చిన రకం. చిన్న క్వార్ట్జ్ బుడగలో పాదరస ఆవిరి దాదాపు 200 వాతావరణాల పీడనంతో ఉంటుంది, మధ్యలో సుమారు ఒక మిల్లీమీటరు మేర విద్యుత్ జ్వాల. వెలుగు పుట్టే చోటు అంత చిన్నది కాకపోతే అది 11 మిల్లీమీటర్ల చిప్ మీదికి ఒదగదు. గంటలు గడిచేకొద్దీ క్వార్ట్జ్ తెల్లబడి మసకబారుతుంది. రాసి ఉన్న ఆయుష్షు ల్యాంపు మాడిపోయే ఘడియ కాదు, వెలుగు సగానికి పడిపోయే ఘడియ. మెనూలో కనిపించే ల్యాంపు గంటల్ని ఎవరైనా సున్నా చేసేయవచ్చు కాబట్టి ఆ అంకెని నమ్మి డబ్బు పెట్టొద్దు. కొత్త ల్యాంపు వెల ముందే కనుక్కుని, అది కూడా ఈ ప్రొజెక్టర్ ధరలో భాగమే అనుకుని అడగండి. కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఆగి, ఆ వేడంతా లోపలే ఉండిపోతుంది. కాబట్టి ఇంటికి తెచ్చాక యూపీఎస్ తగిలించాల్సిందే.

సికింద్రాబాద్ సీటీసీలో షాపులు చూసినా, విజయవాడలో తెలిసినవాళ్ల దగ్గర కొన్నా, నా సలహా ఒకటే. డబ్బు బిగువుగా ఉంటే, ఇంద్రధనుస్సు మీ కంటిని బాధించకపోతే, ముసలి ఎల్‌సీడీ కంటే ముసలి డీఎల్‌పీ మేలు. చిప్ సీలులో ఉంటుంది, ల్యాంపూ చక్రమూ మార్చుకోవచ్చు. ఎల్‌సీడీయే కొనాల్సివస్తే పూర్తి తెల్లతెర పెట్టి మూలలు చూడండి, పసుపు మరకో నీలి మరకో ఉంటే వదిలేయండి. "1080పీ సపోర్ట్" అన్న మాటకి విలువ లేదు. 800 × 480 పిక్సెళ్ల పెట్టె కూడా ఆ సిగ్నల్ తీసుకుని కుదించి చూపిస్తుంది. నేటివ్ రిజల్యూషన్ ఎంతని అడగండి, సన్నటి తెలుగు అక్షరాలు పెట్టి ఒత్తులు విడివిడిగా కనపడుతున్నాయా చూడండి. మీ గది పొడవు కూడా కొలుచుకు వెళ్లండి. దూరానికీ బొమ్మ వెడల్పుకీ ఉన్న నిష్పత్తి, అంటే త్రో రేషియో, 1.5 అయితే పది అడుగుల దూరానికి బొమ్మ వెడల్పు 80 అంగుళాలు, 1.9 అయితే 63 అంగుళాలే.

చివరగా, ఐదు నిమిషాలు చూపించి ఆపేస్తే ఒప్పుకోకండి. కొన్ని అద్దాలు చల్లగా ఉన్నంతసేపూ బాగానే వాలుతాయి, వేడెక్కాక ఇరుక్కుంటాయి. అరగంట ఆగకుండా నడవనిచ్చి, అప్పుడు మళ్లీ నల్లతెర పెట్టించండి. ఒకటో రెండో చుక్కలు ఓ మూలన ఉంటే ధర తగ్గించి తీసుకోవచ్చు. అరగంటలో మీ కళ్లముందే కొత్త చుక్క పుట్టిందంటే ఎంతకిచ్చినా వద్దు.