వత్తి లేని కొవ్వొత్తి
బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో వెలుగు బ్యాటరీది. మైనం కరిగేది మాత్రం ఇప్పటికీ వంటింటి గ్యాస్ పొయ్యి మీదే

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కొవ్వొత్తికి చాలాకాలం ఒకటే డ్యూటీ. కరెంటు పోయినప్పుడు వెలగడం. చీకట్లో తడుముకున్నా చేతికి దొరికేలా అగ్గిపెట్టె పక్కనే దాని స్థానం. ఊరికి దగ్గర్లోనే సీపత్‌లో ఎన్‌టీపీసీ వారి 2,980 మెగావాట్ల విద్యుత్ కేంద్రం వచ్చింది. ఇంటింటికీ ఇన్వర్టర్లు, ఎమర్జెన్సీ లైట్లు వచ్చాయి. దాంతో కొవ్వొత్తి ఉద్యోగం ఊడింది. అయినా అది రిటైరవలేదు. ఒంటికి సెంటు పూసుకుని, పొట్టలో బ్యాటరీ పెట్టుకుని డ్రాయింగ్ రూముకు బదిలీ అయింది.

ఈ కాలనీలో తెలుగు వినిపించడానికి కారణం కూడా రైలే. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తూర్పు తీరం వెంట వాల్తేరు దాకా విస్తరించాక ఉత్తరాంధ్ర నుంచి ఎందరో ఉద్యోగాల కోసం ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ బాట పట్టారు. 1931లో రాయ్‌పూర్-విజయనగరం మార్గం పూర్తవడంతో రాకపోకలు మరింత పెరిగాయి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది. తరాలు మారినా క్వార్టరు మాత్రం అదే. ఇంట్లో వాళ్లు డ్యూటీకి, పిల్లలు బడికి వెళ్లాక మధ్యాహ్నం ఖాళీగా ఉండేది వంటిల్లు. మైనం పని మొదలుపెట్టాలనుకునే గృహిణికి అదే వర్క్‌షాప్.

పైకి చూస్తే అసలైన కొవ్వొత్తే. లోపల మాత్రం డొల్ల. వత్తి ఉండాల్సిన చోట ఎల్ఈడీ దీపం, దాని కింద బ్యాటరీ. రెపరెపలాడే వెలుగు కోసం ఎల్ఈడీలోనే చిన్న చిప్ ఉంటుంది. ఇంకాస్త ఖరీదైన వాటిలో ప్లాస్టిక్ జ్వాల కూడా కదులుతుంది. డిస్నీ ఇంజనీర్లు థీమ్ పార్కు కోసం రూపొందించిన ఆ కిటుకే తర్వాత లూమినారా పేరుతో ఇళ్లలోకి వచ్చింది. ఇన్ని హంగులున్నా దేవుడి గదిలోకి మాత్రం దీనికి ప్రవేశం దొరకడం కష్టం. నూనె, వత్తి లేనిదాన్ని దీపమని ఒప్పుకునే అత్తగారు ఏ కాలనీలోనైనా అరుదే.

కొత్తవాళ్లు మొదట బోల్తా పడేది సువాసన దగ్గరే. మామూలు సెంటు కొవ్వొత్తిలో మంట వేడికి మైనం కరిగి, అందులోని పరిమళ తైలం ఆవిరై గదంతా వ్యాపిస్తుంది. ఎల్ఈడీకి మైనాన్ని కరిగించేంత వేడి ఉండదు. అందువల్ల మైనం పైపొర నుంచి దానంతటదే వచ్చేదే వాసన. అది చేతికి తీసుకుంటే బాగానే తెలుస్తుంది, గది ఆ చివరికి చేరదు. వాసన చాలడం లేదని సీసాడు సెంటు ఒంపేస్తే మైనం దాన్ని ఇముడ్చుకోదు. జిడ్డు చెమటలా బయటికొస్తుంది, కొవ్వొత్తి మెత్తబడుతుంది. పారఫిన్‌కు బరువులో 3 నుంచి 6 శాతం చాలు. అంటే అరకిలో మైనానికి 15 నుంచి 30 గ్రాములు.

ఏ సెంటు అన్నది అంతకన్నా ముఖ్యం. నూనెలో కలిసే పరిమళాలే మైనంలో కలుస్తాయి. మిఠాయిల్లో వేసే రోజ్ వాటర్, కేవడా నీళ్లు పనికిరావు. వేడి మైనంలో నీటిచుక్క పడితే చిటపటమని ముఖాన చిందుతుంది. శ్రీకాకుళానికి పొరుగునే ఉన్న గంజాం జిల్లా మొగలి పూలకు, వాటి నుంచి తీసే రూహ్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. కేవడా అంటే ఆ మొగలే. దాన్ని కోరుకునేవాళ్లు నీళ్ల సీసా కాకుండా నూనె రూపంలో ఉన్నది కొనాలి. ఒంటికి కొట్టుకునే స్ప్రే అయితే పొయ్యి దరిదాపులకే రాకూడదు. అందులోది ఆల్కహాల్, ఇట్టే అంటుకుంటుంది.

రెండో పొరపాటు మైనం ఎంపికలో జరుగుతుంది. విదేశీ పుస్తకాలు, వీడియోలు సోయా మైనాన్ని తెగ మెచ్చుకుంటాయి. గాజు గ్లాసులో పోసే సోయా మైనం చాలావరకు 45-50 డిగ్రీల మధ్యే కరుగుతుంది. చల్లటి దేశాల్లో దానికేమీ ఇబ్బంది లేదు. బిలాస్‌పూర్ వేసవిలో పగటి ఎండే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మూసిన క్వార్టరులో, పడమటి కిటికీ పక్కన బల్ల మీద నిలబెట్టిన సోయా కొవ్వొత్తి సాయంత్రానికి నడుం వంచేస్తుంది. గ్లాసు ఆధారం లేకుండా తనంతట తాను నిలబడాల్సిన వస్తువుకు 58-60 డిగ్రీల దగ్గర కరిగే గట్టి పారఫిన్ కావాలి. అందులో కొద్దిగా స్టియరిక్ ఆమ్లం కలిపితే ఇంకా గట్టిపడుతుంది, కాకపోతే వెలుగు లోపలి నుంచి కనిపించడం తగ్గుతుంది.

ఇక అసలు పని. నిటారుగా ఉండి, మూతి వైపు కొంచెం వెడల్పయ్యే స్టీలు గ్లాసే అచ్చు. దాన్ని నీళ్లతో నింపి కొలిస్తే మైనం లెక్క తెలుస్తుంది. అరలీటరు నీళ్లు పట్టిన చోట సుమారు 450 గ్రాముల మైనం పడుతుంది. గ్లాసును బొట్టు తడి లేకుండా తుడిచి, లోపల వంటనూనె పల్చగా రాయాలి. మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు. మరుగుతున్న నీళ్ల గిన్నెలో దాన్ని నిలబెట్టాలి. నీరు 100 డిగ్రీలు దాటదు గనుక మైనమూ దాటదు. నేరుగా పొయ్యి మీద పెడితే దాన్ని ఆపేదేమీ ఉండదు. పాలలా పొంగి హెచ్చరించే అలవాటు మైనానికి లేదు. నిశ్శబ్దంగా వేడెక్కి, పొగలొచ్చి, 200 డిగ్రీలు దాటాక భగ్గుమంటుంది. అప్పుడు కంగారులో నీళ్లు పోస్తే మంట పైకప్పుకు ఎగుస్తుంది. పొయ్యి ఆపి, గిన్నెకు మూత పెట్టి, చల్లారేదాకా దాని జోలికి వెళ్లకపోవడమే మార్గం. అందుకే చెంచా కన్నా ముందు మూత చేతికి అందేలా పెట్టుకోవాలి. పిల్లలు ఇంట్లో ఉన్న పూట ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

మైనం 80 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పొయ్యి ఆపి, సెంటు కలిపి రెండు నిమిషాలు మెల్లగా తిప్పి గ్లాసులో పోయాలి. గోడల వెంట మైనం ముందు గడ్డకడుతుంది, మధ్యది ద్రవంగానే ఉంటుంది. గోడ 5-6 మిల్లీమీటర్ల మందం రాగానే పైపొరను చాకుతో కోసి, లోపలి మైనాన్ని తిరిగి గిన్నెలోకి ఒంపేయాలి. ఎన్ని నిమిషాలకు అంటే చెప్పడం కష్టం. జనవరిలో తొందరగా, మేలో చాలా ఆలస్యంగా. గడియారం కాదు, మందం చూడాలి. పల్చనైతే పగులుతుంది, మందమైతే వెలుగు కనిపించదు. పూర్తిగా చల్లారాక మైనం కుదించుకుని అచ్చు నుంచి జారి వస్తుంది. అంచు ఎగుడుదిగుడుగా ఉంటే గోరువెచ్చని అట్లపెనం మీద ఒకసారి తిప్పితే చదునవుతుంది. మిగిలిన మైనాన్ని సింకులో మాత్రం పోయకూడదు. గొట్టంలో గడ్డకట్టాక ప్లంబరుకు ఇచ్చేది కొవ్వొత్తుల మీద వచ్చే లాభాన్ని మింగేస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన భాగం చూడ్డానికి అన్నిటికన్నా చిన్నది. చిల్లర నాణెంలా ఉండే లిథియం బటన్ బ్యాటరీని పసివాళ్లు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని తీవ్రంగా కాల్చేయగలదు. అది పేలక్కర్లేదు, పగలక్కర్లేదు. తడి తగిలితే చాలు. ఇలా ఒక చిన్నారి చనిపోయాకే అమెరికా 2022లో బటన్ బ్యాటరీల మూతలపై ప్రత్యేక చట్టం తెచ్చింది. గోరుతో తెరుచుకునే చవక దీపాలను మైనంలో దాచి అమ్మడం ఎవరి బిడ్డనో పందెం కాయడమే. స్క్రూతో బిగించే మూత ఉన్నవి, వీలైతే రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచేవి తీసుకోవాలి. కాస్త లావైనా ఎక్కువ రోజులు వెలుగుతాయి కూడా.

గది నిండా గుబాళింపే కావాలంటే ఎల్ఈడీని వదిలి విద్యుత్ వార్మర్ వైపు చూడాలి. చిన్న బల్బు వేడికి పైనున్న పళ్లెంలో మైనం ముక్క మంట లేకుండా కరుగుతుంది. ఎండకు వంగిపోయిన సోయా మైనం ఇక్కడ దర్జాగా పనికొస్తుంది. వాసన అయిపోయినా మైనం మిగులుతుంది, తీసి కొత్త ముక్క వేసుకోవడమే.

మరి అమ్మకం? ధరలో ఫ్యాక్టరీ సరుకుతో వంటింటి సరుకు పోటీపడలేదు. దీపావళి ముందు బుధ్‌వారీ బజారులో బేరమాడే చేతులకు మొగలి వాసనకు, ప్లాస్టిక్ వాసనకు తేడా చూపించగలిగితేనే గిరాకీ. అందుకు ముందే 20 కిలోల మైనం కొనేసి కూర్చోవడం తొందరపాటు. మొదటి ఆరు కొవ్వొత్తులు అమ్మడానికి కాదు. మే నెలలో ఒక వారం వాటిని పడమటి కిటికీలో నిలబెట్టాలి. ఆ ఎండకు వంగకుండా నిలిచిన మైనాన్నే మళ్లీ కొనాలి.