పదో పుస్తకం, ఏడేళ్ల చెర

రాబర్ట్ జోర్డాన్ రాసిన ‘ది వీల్ ఆఫ్ టైమ్’ ఫాంటసీ నవలల వరుసలో ‘క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్’ పదోది. 2003 జనవరిలో వచ్చింది. 1990లో మొదలైన ఆ కథ 2013లో పద్నాలుగో పుస్తకంతో ముగిసింది. ఆ పద్నాలుగింటిలో అభిమానులు సైతం పెదవి విరిచేది ఏదంటే, ఎక్కువమంది వేలు ఈ పదోదాని మీదికే వెళ్తుంది. దాదాపు 680 పేజీలు తిప్పినా కథ ఉన్నచోటే ఉందన్నది వాళ్ల ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ విసుగులో పుస్తకం తప్పెంత, క్యాలెండరు తప్పెంత అని విడదీసి చూడాలి. అలా చూస్తే, ఏళ్ల తరబడి సాగే నవలల్లో చివరి భాగాలను ఏ తూకంతో తూచాలో కూడా తేలుతుంది.

ముందు పుస్తకం సంగతి. ఆ లోకంలో మంత్రశక్తికి స్త్రీలది, పురుషులది అని రెండు పాయలు. పురుషుల పాయకు మూడువేల ఏళ్ల నాడు విషం అంటింది. దాన్ని వాడే మగవాళ్లకు క్రమంగా మతి చలిస్తుంది. తొమ్మిదో పుస్తకం ఆఖర్న కథానాయకుడు రాండ్ ఆ విషాన్ని కడిగేస్తాడు. తర్వాత ఏమైందోనని ఆత్రంగా పదోది తెరిచిన పాఠకుణ్ణి జోర్డాన్ వెనక్కి నడిపిస్తాడు. ఆ ఘట్టం జరుగుతున్న వేళ దూరాన ఉన్న మిగతావాళ్లు ఏం చేస్తున్నారో, ఎక్కడో ఎగసిన ఆ శక్తిని ఎలా పసిగట్టారో చెప్పడం మొదలుపెడతాడు. పెరిన్ అనే యువకుడు శత్రువులు ఎత్తుకుపోయిన భార్య కోసం గాలిస్తుంటాడు. ఒక రాకుమారి సింహాసనం కోసం పెద్దల మద్దతు కూడగడుతుంటుంది. ఇంకొకామె సైన్యంతో ఒక మహానగరాన్ని ముట్టడించి కూర్చుంటుంది. మరొకడు ఒక ప్రదర్శన బృందం చాటున తలదాచుకుని ఊళ్లు దాటుతుంటాడు. రాండ్ కనిపించేదే అరుదు. ఇన్ని పాయలకు 680 పేజీలు పంచితే ఒక్కోదాని వాటా నూటడెబ్బై పేజీలకు మించదు. పాత్రలు పెరిగేకొద్దీ పుస్తకం లావెక్కుతుంది, ఒక్కొక్కరి కథ మాత్రం చిక్కిపోతుంది. పెద్ద కాన్వాసు ఎంచుకున్న ఏ రచయితా ఈ లెక్క తప్పించుకోలేడు.

ఇక క్యాలెండరు. పెరిన్ భార్య చెరపడింది ఎనిమిదో పుస్తకంలో, అంటే 1998 అక్టోబరులో. ఆమె విడుదల పదకొండోదైన ‘నైఫ్ ఆఫ్ డ్రీమ్స్’లో, అంటే 2005 అక్టోబరులో. కథలో గడిచింది కొద్ది నెలలే. వచ్చినవి వచ్చినట్టు కొని చదివినవాళ్లకు మాత్రం ఆమె ఏడేళ్లు చెరలోనే ఉంది. వారపత్రికల సీరియళ్లు చదివిన తెలుగువారికి నిరీక్షణ కొత్త కాదు. ‘సశేషం’ చూసి వారం ఆగితే ఆసక్తి పెరుగుతుంది. రెండేళ్లకు పైగా ఆగితే ఆ ఆసక్తే అప్పులవాడై వడ్డీ అడుగుతుంది. 2003 నాటి పాఠకుడు పదో పుస్తకాన్ని తెరిచింది ఆ వడ్డీ వసూలు చేసుకోవడానికే. దొరకలేదు, పైగా ఇంకో రెండున్నరేళ్లకు పైగా వాయిదా పడింది. ఇవాళ ఆ నాలుగు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివేవారికి ఆ నిరీక్షణ రెండు మూడు వారాలు. పేజీలు అవే, అక్షరం మారలేదు. అప్పట్లో గోడలా అడ్డుపడ్డ పుస్తకం ఇప్పుడు రెండు ఘట్టాల మధ్య ఊపిరి తీసుకునే చోటు.

ఆ ఊపిరి ఎందుకంటే, పెరిన్‌నే చూడాలి. తొలి పుస్తకం నుంచీ అతని నడుముకు ఒక గొడ్డలి వేలాడుతుంది. నేర్చిన పనేమో కమ్మరం. చంపే గొడ్డలి కావాలా, మలిచే సుత్తి కావాలా అన్న మథన పుస్తకాల తరబడి సాగుతుంది. పదోదానిలో భార్య జాడ రాబట్టడానికి ఒక బందీ చెయ్యి నరికేస్తాడు. తానేమవుతున్నాడో ఆ క్షణాన చూసుకుని, గొడ్డలిని చెట్టుకు దించి వదిలేసి నడిచిపోతాడు. అంతకుముందు వందల పేజీల నిస్సహాయతను అతనితోపాటు మోసినవారికే ఆ వేటు బరువు తెలుస్తుంది. సారాంశం చదివి పదోదాన్ని దాటేయమని సలహా ఇచ్చేవారున్నారు. సారాంశం ‘గొడ్డలి వదిలేశాడు’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. అతనికి అది ఎందుకంత కష్టమైందో అందులో దొరకదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. పాఠకుడు పూర్తి వెల పెట్టి కొన్నది ఒక పుస్తకాన్ని, పద్నాలుగింటిలో ఒక అధ్యాయాన్ని కాదు. చేతిలో ఉన్నది చేతిలో ఉన్నంతవరకైనా తృప్తినివ్వాలి కదా? ఇవ్వాలి. ఇక్కడ జోర్డాన్‌ను వెనకేసుకు రావడానికి లేదు. కథ నెమ్మదించడం నేరం కాదు కానీ, ఫలితం తెలిసిపోయిన ఘట్టాన్ని పదిమంది కళ్లతో మళ్లీ చూపడం కట్టుబడిలో దొర్లిన లోపమే. ఏం జరిగిందో పాఠకుడికి తెలుసు, పాత్రలకు తెలియదు. ఆ ఎడంలో ఉత్కంఠ పుట్టాలంటే పాత్రలకు ముప్పు పొంచి ఉండాలి. చాలాచోట్ల అది లేదు. నాలుగు పుస్తకాలూ వరుసగా చదివినా ఈ లోపం మాయమవదు. ఏళ్ల నిరీక్షణ పెంచిన కోపం తగ్గుతుంది, అంతే.

మరి రచయిత పట్టు తప్పి కథను సాగదీశాడనే వాదన సంగతేమిటి? పదకొండో పుస్తకమే దానికి జవాబు. పెరిన్ భార్య చెర వీడటం, రాకుమారికి సింహాసనం దక్కడం, ప్రదర్శన బృందంతో తిరిగినవాడి పెళ్లి, మూడూ అందులోనే జరిగిపోతాయి. పదోదానిలో కదలనట్టు కనిపించిన పాయలకు గమ్యం ముందే ఉందన్నమాట. జోర్డాన్ 2007లో కన్నుమూశాడు. ఆయన భార్య, సంపాదకురాలు హారియట్ మెక్‌డూగల్ కోరగా బ్రాండన్ శాండర్సన్ ఆ కథను పూర్తిచేశాడు. ఒక్కటే అనుకున్న ముగింపు పుస్తకం మూడైంది. ముడులు ఎన్ని మిగిలాయో అదే చెబుతుంది. కాబట్టి పదోదాన్ని అందుకునేవారు పదకొండోదాన్ని కూడా పక్కన పెట్టుకోవడం మంచిది. తీర్పు అది ముగించాకే ఇవ్వాలి. అప్పటికీ విసుగు మిగిలితే, అది నిస్సందేహంగా జోర్డాన్ ఖాతాలోదే.