బదనిక పూవు బొమ్మ

నిజామాబాదు జిల్లాలో భీమ్‌గల్ సమీపమున లింబాద్రిగుట్ట కలదు. అచ్చట నరసింహస్వామికి కార్తికమాసమున జాతర జరుగును. జాతరకు పోవువారు దారి ప్రక్క చెట్లను తలయెత్తి చూచుట అరుదు. తెలంగాణపు అడవులలో మామిడి, ఇప్ప మొదలగు చెట్ల కొమ్మలపై ఒక చిన్న మొక్క లావుపాటి తెల్లని వేళ్ళతో బెరడును కరచుకొని యుండుట కద్దు. దాని ఆకులు పట్టీలవలె పొడవుగా, దళసరిగా, నడుమ మడతపడి యుండును. వేసవిలోను తొలకరిలోను అది పూచును. కార్తికము నాటికి పూవులుండవు. కాయలు మాత్రమే కనబడవచ్చును.

పల్లెలలో చెట్లపై పెరుగు మొక్కలను సాధారణముగా బదనికలందురు. ఇందు కొంత పొరపాటు కలదు. కొమ్మలోనికి వేరు దించి సారమును పీల్చు బదనిక వేరు, ఈ మొక్క వేరు. ఇది చెట్టుపై నివసించునే కాని చెట్టు సొమ్ము తినదు. దీని వేళ్ళపై స్పంజివంటి పొర యొకటి యుండును. చినుకు పడగానే ఆ పొర నీటిని పీల్చుకొనును. అప్పుడు లోపలి పచ్చదనము బయటపడి తెల్లని వేరు ఆకుపచ్చగా మారును. ఆరిన తరువాత మరల తెల్లబడును.

ఇది ఆర్కిడ్ కుటుంబమునకు చెందినది. శాస్త్రజ్ఞులు దీనిని వందా టెస్సెలేటా అందురు. 'వందా' యనునది చెట్టుపై మొలచు మొక్కకు సంస్కృతనామము. 'టెస్సెలేటా' యనగా గళ్ళు కలదని అర్థము. పసుపు కలసిన ఆకుపచ్చని రేకులపై గోధుమరంగు గీతలు వలవలె అల్లుకొని యుండును. రేకుల వెలుపలివైపు తెలుపు. పెదవివలె ముందునకు చాచిన రేకు మాత్రము ఊదారంగుది.

ఈ పూవుబొమ్మను శాస్త్రలోకమునకు అందించినవాడు విలియం రాక్స్‌బర్గు. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడుగా వచ్చి, 1781 మొదలుకొని సామర్లకోట తోటను చూచుచుండెను. చెరకు సాగును, బెల్లము వండు పద్ధతిని గూర్చి కూడ ఆయన శ్రద్ధగా వ్రాసెను. బోధను ప్రాంతపు విద్యార్థులకు ఆ సంగతి ఆసక్తి కలిగింపవచ్చును. 1787లో కోరంగి తీరమున ఉప్పెన వచ్చి ఆయన పుస్తకములను, కూర్చుకొన్న మొక్కలను ముంచివేసెను. ఆయన పని మానలేదు. దేశీయ చిత్రకారులను నియమించి, మొక్క వాడకముందే దాని రూపమును, రంగును వ్రాయించెను. 1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై వెడలెను. ఆ బొమ్మలు లండనులో 'కోరమాండల్ తీరపు మొక్కలు' అను గ్రంథముగా 1795 నుండి 1820 వరకు మూడు సంపుటములలో వెలువడెను. అందలి పటములు 300. మన బదనిక మొదటి సంపుటమున 42వ పటము. అప్పటి పేరు ఎపిడెండ్రమ్ టెస్సెలేటమ్.

కాగితముల నడుమ అదిమి ఎండబెట్టిన పూవు ఉండగా బొమ్మయేలయని అడుగవచ్చును. ఎండిన ఆర్కిడ్ పూవు రంగు కోల్పోవును. ఉబ్బెత్తుగా నుండు పెదవి అణగి రూపు చెడును. ఒక జాతిని మరియొక జాతినుండి వేరుచేయుటకు ఆ పెదవియే ముఖ్యాధారము.

1839లో ఛాయాగ్రహణము లోకమునకు వెల్లడియైనను చిత్రకారుని పని తీరలేదు. నాటి పలకలకు నీలికాంతి యొక్కటియే బాగుగా సోకెడిది. పసుపు, ఎరుపు సోకెడివి కావు. ఈ పూవునే ఆ పలకపై పట్టినచో ఊదా పెదవి తెల్లగను, పసుపు రేకులు నల్లగను వచ్చును. అనగా బొమ్మ తారుమారు. 1873లో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ వోగెల్ పలకకు కొన్ని రంగులు కలిపి ఈ లోపమును సవరించు మార్గము కనుగొనెను. వర్ణచిత్రములు అటుపిమ్మట క్రమముగా వచ్చినవి.

చలిదేశములలో ఆర్కిడ్లను గాజుమందిరములలో వెచ్చగా పెంచుదురు. మన దేశమున బెంగుళూరు లాల్‌బాగులో 1889లో శంకుస్థాపన జరిగిన గాజుమందిరము ప్రసిద్ధము. ఇట్టి మందిరమున గాలి తాకిడి తక్కువ. వెలుతురు అన్నివైపులనుండి మెత్తగా వచ్చును. ఆర్కిడ్లను పెంచుచోట గాలి తేమగా నుండును గనుక చల్లనిచోటినుండి తెచ్చిన కెమెరా కటకముపై ఆవిరి కమ్మును. కెమెరా ఆ వేడికి అలవాటు పడువరకు కొంతసేపు ఆగవలయును. పూవునకు మిక్కిలి దగ్గరనుండి తీయునపుడు పెదవి కొస స్పష్టముగా వచ్చినచో వెనుక రేకులు మసకగును. కటకపు రంధ్రమును చిన్నది చేసినచో రెండును కుదురును. కాని వెలుతురు తగ్గును గనుక ఎక్కువసేపు కదలక యుండవలెను. పూవు కదలని గాజుమందిరమున ఇది సులభము. అడవిలో కొమ్మ యూగుచుండును. తెల్లవారుజామున గాలి నిలిచినపుడే వీలు.

కొందరు బొమ్మ చక్కగా రావలెనని మొక్కను ఊడబెరికి క్రిందికి దింపుదురు. ఇది మిక్కిలి హాని. బెరడు వీడునపుడు వేళ్ళు తెగును. మరల అతుకుట కష్టము. కాయలో వేలకొలది విత్తనములున్నను అవి ధూళివంటివి. వానిలో నిలువ ఆహారము లేదు. తగిన శిలీంధ్రము తోడు దొరకినదే మొలచును. మొలచిన మొక్క పూచుటకు సంవత్సరములు పట్టును.

బొమ్మతోపాటు తేదీ, ఊరు, ఏ చెట్టుపై నున్నదో వ్రాసి యుంచవలెను. ప్రక్కన కొలబద్ద నుంచి వేరొక బొమ్మ తీయుట మంచిది. రాక్స్‌బర్గు తన గ్రంథమున మొక్కల తెలుగు పేర్లను కూడ చేర్చెను. ఆ బొమ్మలు వ్రాసిన చిత్రకారుల పేర్లు మాత్రము పటములపై లేవు.