చీర వాపసుకు బయలుదేరారా?

బతుకమ్మకు నాలుగు రోజుల ముందు నిజామాబాద్‌లో బట్టల దుకాణాల్లో కాలు పెట్టే సందుండదు. దసరా వెళ్ళిన మర్నాటి నుంచి అవే దుకాణాలకు కొన్ని చీరలు సంచుల్లో తిరిగి వస్తాయి. "ఇంటికెళ్ళి చూస్తే రంగు నచ్చలేదు", "మా ఆడపడుచుకు అచ్చం ఇలాంటిదే ఉంది" అంటారు. మడత మారి ఉంటుంది. ఒక్కోసారి కొంగుకు పసుపు మరక కూడా! దుకాణదారు మొహం చిట్లిస్తే మాత్రం, "అమ్మేటప్పటి నవ్వు ఇప్పుడేదీ?" అని మనకే కోపం.

ఒక్కసారి అతని లెక్క కూడా చూడండి. మీకు 1000 రూపాయలకిచ్చిన చీర అతనికి 850కి పడిందనుకుందాం. మిగిలేది 150. కొట్టు కిరాయి, కరెంటు, పనివాళ్ళ జీతాలు అన్నీ అందులోంచే. పండగ దాటాక తిరిగొచ్చిన చీరను 700కి వదిలించుకోవాల్సి వస్తే 150 చేతి నుంచి పోయినట్టే. అంటే ఇంకో చీర మీద వచ్చిన లాభం దీనికి చెల్లు. ఆన్‌లైన్ కంపెనీలైతే ఆ నష్టాన్ని లక్షల సరుకు మీద సర్దుకుంటాయి. ఒంటిగది కొట్టువాడు ఎక్కడ సర్దుతాడు? వచ్చే పండక్కి మనకు చెప్పే ధరలోనే!

నచ్చలేదని తెచ్చినదాన్ని మార్చి ఇవ్వడం అతని మంచితనం. కొనేటప్పుడే "మార్చుకోవచ్చా, ఎన్ని రోజుల్లో?" అని అడిగి బిల్లు మీద రాయించుకుంటే పేచీ ఉండదు. తాను నుంచి కోసిన జాకెట్టు గుడ్డ, పేరు కొట్టించిన స్టీలు గిన్నె, చేతికి తొడిగిన గాజులు మాత్రం తిరిగి పట్టుకెళ్ళకండి. బోణీ వేళ, దీపాలు పెట్టే వేళ కూడా వాపసుకు వెళ్ళకండి. నమ్మకమే కావచ్చు, అతన్ని నొప్పించి మనకొచ్చేదేముంది?

సరుకులోనే లోపముంటే ఈ మొహమాటాలేవీ అక్కర్లేదు. ఒక్క ఉతుకుకే రంగు దిగినా, కొత్త కుక్కరు ఆవిరి కారినా వెంటనే వెళ్ళండి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు దానికి అడ్డురాదు. 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకుని డబ్బివ్వనంటే అది అనుచిత వ్యాపారమే. బిల్లివ్వకపోవడం కూడా అంతే.

అసలు చిక్కు ఉద్దెర కొనేవాళ్ళది. బోధన్ చుట్టుపక్కల చెరుకు డబ్బు ఏడాదికోసారి చేతికొచ్చేది. అప్పటిదాకా ఉప్పు, పప్పు, పిల్లల బట్టలు అన్నీ ఖాతాలోనే. 1930లలో శక్కర్‌నగర్‌లో వెలిసిన చక్కెర ఫ్యాక్టరీని నమ్ముకుని రైతు ఇల్లే కాదు, కిరాణా కొట్టూ నడిచింది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీలో లేఆఫ్ ప్రకటించాక జీతం రాళ్ళు ఆగిపోయిన ఇల్లాలికి ఉద్దెరే దిక్కు. అప్పుడు పురుగు పట్టిన కందిపప్పు వచ్చిందనుకోండి, ఏమంటుంది? "బాకీ ఉన్నదాన్ని, ఏ మొహం పెట్టుకుని అడిగేది?" అని చెరిగి, ఏరి వండేస్తుంది. నగదిచ్చి నచ్చలేదని చీర మార్చుకునే మనకున్న నోరు, నిజంగా నష్టపోయిన ఆమెకుండదు. ఇదేం న్యాయం చెప్పండి?

చట్టం మాత్రం తేడా చూపలేదు. డబ్బు తర్వాత ఇస్తానని కొన్నవాళ్ళూ వినియోగదారులే. కాబట్టి ఉద్దెర తెచ్చినా చిట్టీ అడిగి తీసుకోండి. పప్పు ఇల్లు చేరగానే పళ్ళెంలో పోసి చూడండి. పాడైతే వండకుండా అలాగే తీసుకెళ్ళి, మెల్లగానే చెప్పండి. చాలా మంది మార్చి ఇస్తారు. ససేమిరా అంటే 1915కి ఫోను చెయ్యండి. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, వస్తువు విలువ 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు. సరుకు తిరిగిచ్చాక మాత్రం ఖాతాలో ఆ పద్దు మీ ఎదుటే కొట్టేయించండి.